బిడ్డకీ దూడకీ ఒక గ్లాసు నీళ్ళు

సాయంత్రం పాలు పితకడం అయిపోయి, దాణా గంప బోర్లించి, కాస్త నడుం వాల్చే వేళ ఇది. పడుకున్నవాళ్ళను లేపను. కాకపోతే మధ్యలో ఒకసారి కాగితం, పెన్సిలు అడుగుతాను. పిల్లలెవరైనా ఉంటే ఇప్పుడే తెచ్చి పెట్టుకోమనండి.

నేను కలకత్తా నుంచి మాట్లాడుతున్నాను. ఇప్పుడు పేరు కోల్‌కతా అయింది గానీ మా శ్రీకాకుళం వాళ్ళ నోట అది కలకత్తాయే. మా నాన్న పలాస దగ్గర పల్లె విడిచి ఇక్కడి టిటాగఢ్‌లో జూట్ మిల్లు పనికి వచ్చాడు. ఏటా వేసవికి హౌరాలో మద్రాసు మెయిలెక్కి ఊరికి పోయేవాళ్ళం. అలా పోయిన ఒక వేసవిలో మా మామ్మ ఇంట్లో ఇద్దరికి విరేచనాలు పట్టుకున్నాయి. ఒకటి నాకు, రెండోది మూడు వారాల పెయ్యదూడకు. మా మామ్మ పక్షపాతం లేని మనిషి. ఇద్దరికీ ఒకటే వైద్యం చేసింది, కడుపు మాడ్చింది. లంఖణం పరమౌషధం కదా. నాకు అన్నం బందు, నీళ్ళు కూడా గొంతు తడుపుకునేంత. దూడను తల్లి దగ్గరకు పోనివ్వకుండా గుంజకు కట్టేసి, వెదురు గొట్టంతో ఏదో చేదు కషాయం పోయించింది. నేను బతికాను. ఎలాగంటే, మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే వంటింట్లో దూరి తరవాణి కుండ మూత తీసి, ఉప్పుగల్లు వేసుకుని రెండు లోటాలు తాగాను. దూడకు ఆ కుండ అందలేదు. మూడోనాడు అది చచ్చిపోయింది. దిష్టి తగిలిందన్నారు.

పెద్దయ్యాక నేను ఈ ఊళ్ళోనే బెల్గాఛియాలో పశువైద్యం చదివాను. 1893లో పెట్టిన పాత కాలేజీ అది. చదువులో నాకు అన్నిటికంటే ఆలస్యంగా అర్థమైన సంగతి చెబుతాను. మా దూడను పారుడు చంపలేదు. ఒంట్లో నీరు, ఉప్పు పోవడం చంపింది. పోయినదాన్ని మేము తిరిగి ఇవ్వలేదు, పైగా వచ్చే పాలు కూడా ఆపేశాం. ఈ రోజు నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క ముక్క చుట్టూ తిరుగుతుంది.

ఈ ముక్కను లోకానికి నేర్పిన ఊరు, విచిత్రంగా, ఈ కలకత్తాయే. కలరాకు పుట్టిల్లని పేరుపడ్డ ఊరు మరి. 1884లో రాబర్ట్ కోఖ్ అనే జర్మన్ డాక్టరు ఇక్కడే, రోగుల పేగుల్లోనూ చెరువు నీళ్ళలోనూ కలరా పురుగును పట్టి చూపించాడు. పురుగు దొరికింది గానీ అది మనిషినెలా చంపుతుందో తెలియడానికి ఇంకో డెబ్భై ఐదేళ్ళు పట్టింది. ఆ మర్మం విప్పినవాడు శంభునాథ్ దే అనే బెంగాలీ డాక్టరు. కుందేళ్ళ పేగు ముక్కలను కట్టి, వాటిలో కలరా ద్రవం ఎక్కించి చూశాడాయన. పురుగులన్నిటినీ వడగట్టేసిన ద్రవమైనా సరే, పేగు నీళ్ళతో ఉబ్బిపోయింది. అంటే చంపేది పురుగు కాదు, అది విడిచే విషం. ఆ విషం పేగు గోడకు ‘నీళ్ళు వదులు, వదులు’ అని చెబుతుంది. పేగు చెరువు తూములా తెరుచుకుంటుంది. 1959లో ఆ సంగతి ప్రచురించాడు. బతికుండగా మన దేశం ఆయనకు చెప్పుకోదగ్గ సత్కారమేదీ చేయలేదు. అది వేరే ప్రసంగం.

తూము తెరుచుకుంటే మూయాలని కదా అనుకుంటాం. మూసే మందు కోసమే అందరూ వెతికారు. అసలు కిటుకు వేరేచోట ఉంది. ఎంత పారుతున్నా పేగులో ఇంకో చిన్న ద్వారం పనిచేస్తూనే ఉంటుంది. ఆ ద్వారం దగ్గర ఉప్పు ఒక్కటే వచ్చి నిలబడితే పని జరగదు. చక్కెర చెయ్యి పట్టుకుని వస్తేనే లోపలికి పోనిస్తుంది. ఆ రెండూ లోపలికి పోతే వాటి వెంట నీళ్ళు కూడా పోతాయి. వట్టి నీళ్ళు తాగించినా నిలవకపోవడానికి, చిటికెడు ఉప్పు, కొంచెం చక్కెర కలిపితే నిలవడానికి అదే కారణం. మనిషి బిడ్డ పేగులో ఉన్న ఆ ద్వారమే దూడ పేగులోనూ ఉంది.

ఇది పుస్తకాల్లో ఉన్నంతకాలం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1971లో యుద్ధానికి జడిసి తూర్పు పాకిస్తాన్ నుంచి, అంటే ఇప్పటి బంగ్లాదేశ్ నుంచి, సుమారు కోటి మంది మన దేశంలోకి పరుగెత్తుకు వచ్చారు. కలకత్తాకు ఈశాన్యాన సరిహద్దు దగ్గర బన్‌గావ్ అనే ఊరుంది. అక్కడి శిబిరాల్లో కలరా పుట్టింది. ఆసుపత్రిలో కలరా రోగులకు పదహారు మంచాలు, చుట్టూ నేల మీద వందల మంది. దిలీప్ మహలనబిస్ అనే పిల్లల డాక్టరు అక్కడికి వెళ్ళేసరికి, రోగుల దగ్గరకు చేరాలంటే వాంతుల్లో, విరేచనాల్లో మోకాళ్ళూనాల్సి వచ్చింది. సెలైన్ సీసాలు చాలలేదు. సీసాలున్నా నరంలోకి సూది గుచ్చడం వచ్చినవాళ్ళు చాలినంత మంది లేరు. ఆయన కలకత్తాలో గ్లూకోజు, ఉప్పు, సోడా తూకం వేసి పొట్లాలు కట్టించాడు. డ్రమ్ముల్లో నీళ్ళలో కలిపించి, కుళాయి బిగించి, ‘మీ మనిషికి మీరే తాగించండి’ అని అమ్మలకు, అక్కలకు, తమ్ముళ్ళకు గ్లాసులు ఇచ్చాడు. నూటికి ముప్పై దాకా పోతున్న ప్రాణాలు నూటికి నాలుగు లోపుకు తగ్గాయి. నర్సులు కాదు, ఆ ఇంటివాళ్ళే బతికించుకున్నారు.

ఇందులో రెండు సంగతులు నాకు ఇష్టం. ఒకటి, ఆయన దానికి ‘ఓరల్ సెలైన్’ అని పేరు పెట్టడం. ఉప్పునీళ్ళంటే ఎవరూ నమ్మరు, సెలైన్ అంటే నమ్ముతారు. మన ఊళ్ళల్లో కూడా అంతే కదా. గ్లాసుతో తాగమంటే మొహం మాడ్చుకుని, సీసా వేలాడదీసి చేతికి సూది గుచ్చితేనే వైద్యం జరిగిందని తృప్తిపడతాం. రెండోది, ఆ నీళ్ళు కలిపే విధానం అప్పట్లో రహస్యంగా నడుస్తున్న బంగ్లాదేశ్ రేడియోలో కూడా చదివి వినిపించారు. యుద్ధం మధ్య ఒక రేడియో ఈ పని చేసింది. నేను ఈ మైకు ముందు కూర్చోవడానికి అది కూడా కొంత కారణం. చదువుకున్న డాక్టర్లు మాత్రం ఈ వైద్యాన్ని చాలాకాలం అనుమానించారు. 1978లో లాన్సెట్ అనే పేరున్న వైద్య పత్రిక, ఈ శతాబ్దపు వైద్యంలో ఇంతకంటే ముఖ్యమైనది లేదేమో అన్నట్టు రాసింది. మహలనబిస్‌గారు 2022లో పోయారు. ఆ మరుసటి జనవరిలో పద్మవిభూషణ్ ప్రకటించారు.

ఇప్పుడు కాగితం, పెన్సిలు. ముందు బిడ్డ సంగతి.

మంచిది ఓ.ఆర్.ఎస్. పొట్లమే, ఇందాక చెప్పిన ఉప్పు, గ్లూకోజుల పొడి. అంగన్‌వాడీలోను, ఆశా కార్యకర్త దగ్గర, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోను ఊరికే ఇస్తారు. పొట్లం మీద ఎన్ని నీళ్ళలో కలపాలో రాసి ఉంటుంది, చదివించుకోండి. పెద్ద పొట్లమైతే ఒక లీటరు. పొట్లం మొత్తం ఒక్కసారే లీటరు నీళ్ళలో వేయాలి. ఇక్కడే ఎక్కువమంది తప్పు చేస్తారు. గ్లాసుడు నీళ్ళలో కొంచెం పొడి పోసి, మిగతాది మడిచి చూరులో దాస్తారు. అలా చేస్తే గ్లాసులో ఉప్పెంత పడిందో ఎవరికీ తెలియదు. ఉప్పు ఎక్కువైతే బిడ్డకు ప్రమాదం. కాచి చల్లార్చిన నీళ్ళు మంచివి. కలిపాక మళ్ళీ కాచకూడదు. ఒక రోజు దాటితే పారబోసి కొత్తది కలపాలి.

పొట్లం లేదు, రాత్రి పదకొండయింది, అంగన్‌వాడీకి తాళం. అప్పుడు ఇలా. లీటరు నీళ్ళు. టీ చెంచాతో, గోపురంలా కాకుండా వేలితో సమంగా గీసి, ఆరు చెంచాలు చక్కెర. అదే చెంచాతో అర చెంచా ఉప్పు. మళ్ళీ చెబుతున్నాను, రాసుకోండి. నీళ్ళు లీటరు, చక్కెర ఆరు, ఉప్పు అర. కలిపాక ముందు మీరు రుచి చూడండి. కన్నీళ్ళకంటే ఉప్పగా ఉంటే పారబోయండి.

రెండేళ్ళ లోపు బిడ్డకు పారినప్పుడల్లా పావు గ్లాసు నుంచి అర గ్లాసు. అంతకు పెద్ద పిల్లలకు అర గ్లాసు నుంచి గ్లాసు. ఒక్కసారి గటగటా కాదు. మన ఉగ్గుగిన్నె ఉంది చూశారూ, అంతకంటే మంచి సాధనం లేదు. కొంచెం కొంచెంగా పట్టండి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మళ్ళీ చెంచాతో మొదలుపెట్టండి. తల్లిపాలు ఆపకండి, ఇంకా ఎక్కువసార్లు ఇవ్వండి. అన్నం తినే బిడ్డకు మెత్తని అన్నం, పెరుగు, ఉప్పు వేసిన గంజి, మజ్జిగ పెట్టండి. మా మామ్మ తరవాణి కూడా చెడ్డదేమీ కాదు, సాక్షిని నేనున్నాను. పొట్లంతోపాటు జింకు బిళ్ళలు కూడా ఇస్తారు. రెండు నుంచి ఆరు నెలల లోపు బిడ్డకు రోజుకు సగం, ఆరు నెలలు దాటితే ఒకటి, పద్నాలుగు రోజులు. పారుడు మూడోనాటికి తగ్గినా పద్నాలుగు రోజులూ వేయాలి. ఆ పేగు మళ్ళీ గట్టిపడడానికి అది తోడ్పడుతుంది.

పది కిలోల బిడ్డ ఒంట్లోంచి ఒక లీటరు పోయిందంటే ప్రాణం మీదికి వచ్చినట్టే. లీటరంటే ఎంత, ఒక చెంబుడు. కళ్ళు గుంటలు పడుతున్నా, పొట్ట మీద చర్మం చిటికెతో పట్టి వదిలితే మెల్లగా సర్దుకుంటున్నా, ఆరుగంటలుగా మూత్రం రాకపోయినా, మలంలో రక్తం కనబడినా, బిడ్డ మగతగా పడి ఉగ్గు మింగలేకపోయినా ఇంక ఇంట్లో ప్రయోగాలు వద్దు. 108కి ఫోను చేసి, బండి వచ్చేదాకా, దారిలో కూడా, మింగగలిగితే చెంచాతో పడుతూనే ఉండండి.

ఒక హెచ్చరిక. మందుల దుకాణంలో ఓ.ఆర్.ఎస్. అడిగితే అట్టపెట్టెలో తియ్యటి పళ్ళరసం లాంటిది చేతిలో పెట్టేవారు. పేరులో ఆ మూడక్షరాలు ఉండేవి, లోపల చక్కెర ఎక్కువ. ఇందాక చెప్పిన ద్వారం దగ్గర ఉప్పు జత దొరకని చక్కెర పేగులోనే ఉండిపోయి, ఒంట్లో నీళ్ళను ఎదురు లాక్కుంటుంది. పారుడు తగ్గకపోగా పెరుగుతుంది. హైదరాబాదులో శివరంజని సంతోష్ అనే పిల్లల డాక్టరుగారు ఏళ్ళ తరబడి దీని మీద పోరాడారు. చివరకు 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు అలా వాడకూడదని ఆదేశించింది. కూల్‌డ్రింకులకూ ఇదే మాట. రంగు చూసి, రుచి చూసి కాదు, పొట్లం మీద రాసింది చదివి కొనండి.

ఇక సాలలోకి వద్దాం.

పాతిక కిలోల దూడ ఒంట్లోంచి రెండు లీటర్లు పోతే కళ్ళు లోపలికి పోతాయి, లేవడానికి కాళ్ళు తడబడతాయి. మూడు లీటర్లు పోతే చాలామటుకు దక్కదు. పారుడు పట్టిన దూడకు అంత నీరు పోవడానికి ఒక పగలు, ఒక రాత్రి చాలు. అందుకే ‘రేపు చూద్దాం’ అనే మాట దూడ విషయంలో పనికిరాదు. మెడ మీద చర్మం పట్టి వదిలి చూడండి. చెవులు ముట్టుకోండి. నోట్లో వేలు పెట్టండి. వెచ్చగా ఉండి వేలు చీకితే మీ చేతిలో పని. నోరు చల్లగా ఉండి, వేలు చీకలేకపోతే అది డాక్టరు చేతిలో పని. 1962కి ఫోను చేయండి, పశువుల బండి వస్తుంది. అలాంటి దూడ రక్తంలో పులుపు పెరిగి ఉంటుంది, నరం ద్వారా మందు ఎక్కించాల్సిందే.

వేలు చీకే దూడకు, పశువుల డాక్టరు దగ్గర దొరికే లవణాల పొడి మంచిది, అందులో ఆ పులుపును విరిచే మందు కలిసి ఉంటుంది. అది చేతికి వచ్చేదాకా మనుషుల ఓ.ఆర్.ఎస్. పొట్లమే లీటరు గోరువెచ్చని నీళ్ళలో కలిపి, పూటకు లీటరు దాకా, రోజుకు రెండు మూడుసార్లు పట్టవచ్చు. తల్లి పాలు ఆపకండి. పాలకూ ఈ నీళ్ళకూ మధ్య రెండు గంటలైనా ఎడం ఉంచండి చాలు. రెండూ కలిపితే పాలు కడుపులో సరిగా విరగవు.

ఎలా పట్టాలన్నది ఎంత పట్టాలన్నదానికంటే ముఖ్యం. వెదురు గొట్టం అటక మీద పెట్టేయండి. తల పైకెత్తి గొట్టంతో పోస్తే నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పారుడుతో చావని దూడ న్యుమోనియాతో చస్తుంది. రబ్బరు పీక ఉన్న సీసాతో, దూడ నిలబడి ఉండగానో, రొమ్ము మీద కూర్చుని ఉండగానో, మెడ తల్లి పొదుగు దగ్గర ఎలా పెడుతుందో అంత ఎత్తులోనే పట్టండి. ఇందులో ఇంకో మర్మం ఉంది. దూడ చీకితే గొంతు కింద ఒక కాలువ ముడుచుకుని, తాగింది పెద్ద పొట్టలో పడకుండా నేరుగా అసలు కడుపులోకి పోతుంది. అందుకే ఇదంతా దూడకు. ఈనిన గేదెకో, ఎద్దుకో పారుడు పడితే బకెట్టు చక్కెర నీళ్ళు పోయకండి. వాటి పెద్ద పొట్టలో చక్కెర పులిసి కొత్త జబ్బు తెచ్చిపెడుతుంది. నెమరువేసే పశువుకు లెక్క వేరు.

దూడ పేడ తెల్లగా, బంకమట్టిలా, కంపు కొడుతూ ఉంటే, గేదె దూడల్లో మరీ ముఖ్యంగా, అది ఏలిక పాముల పని కావచ్చు. ఆ పాములు గడ్డి నుంచి కాదు, తల్లి పాలతోనే దూడకు వస్తాయి. అందుకే పది రోజులు దాటి రెండు వారాల లోపే నట్టల మందు మొదటి మోతాదు పడాలి. ఎంత పట్టాలో దూడ బరువు చూసి డాక్టరు చెబుతారు.

దూడ పారుడు బిడ్డకు అంటుతుందా అని చాలామంది అడుగుతారు. కొన్ని రకాలు అంటుతాయి. దూడను కడిగిన చేత్తో ఉగ్గు కలపకండి. ఆ బకెట్టు అంట్ల గిన్నెల దగ్గరకు రాకూడదు. సబ్బు ముక్క ఒకటి సాల గుమ్మం దగ్గరే తాడుకు కట్టి పెట్టండి. వంటింట్లో సబ్బు ఉంటే అక్కడిదాకా వచ్చేలోపు మర్చిపోతాం.

ఇదంతా గుర్తుంటుందా అని అనుమానం రావచ్చు. బంగ్లాదేశ్‌లో 1980 నుంచి పదేళ్ళపాటు బ్రాక్ అనే సంస్థ తరఫున ఆడపిల్లలు ఇల్లిల్లూ తిరిగి, కోటికి పైగా తల్లులకు ఈ నీళ్ళు కలపడం నేర్పారు. చక్కెర కొనలేని ఇళ్ళవి. అందుకని చెరుకు బెల్లం గుప్పెడు, ఉప్పు మూడు వేళ్ళ చిటికెడు, నీళ్ళు అర సేరు. పాఠం సారం అంతే. తర్వాత ఇంకొకరు వచ్చి తల్లిని పరీక్ష చేసేవారు. తల్లికి ఎంత గుర్తుంటే నేర్పిన పిల్లకు అంత జీతం. మన ప్రభుత్వాల లెక్కలు కూడా, పంచిన పొట్లాలు కాకుండా, గుర్తున్న తల్లులను లెక్కపెడితే ఎలా ఉంటుందో అనిపిస్తుంది నాకు.

చివరగా ఒక పాత తగవు. అసలు దూడకు పారుడు రాకుండా చూసేది జున్నుపాలు. పుట్టిన దూడ ఒంట్లో రోగంతో పోరాడే శక్తి దాదాపు ఉండదు. ఆ శక్తి అంతా తల్లి మొదటి పాలల్లో ఉంటుంది. ఆ పాలు ఒంటబట్టే ద్వారం దూడ పేగులో ఒక్క రోజు తెరిచి ఉండి, గంట గంటకూ మూసుకుపోతూ ఉంటుంది. కాబట్టి మాయ పడేదాకా ఆగక్కర్లేదు. పుట్టిన గంటలో, మహా అయితే రెండు గంటల్లో, మొదటిసారి తాగించాలి. దూడ బరువులో పదో వంతు మొదటిరోజే కడుపులో పడాలి.

మనం చేసేదేమిటో చూడండి. ఇంట్లో కోడలు ప్రసవిస్తే, పసుపుపచ్చగా చిక్కగా ఉన్నాయని ముర్రుపాలు పిండి గోడకు కొడతాం, బిడ్డకు తేనె నాకిస్తాం. సాలలో గేదె ఈనితే, అవే పసుపుపచ్చని చిక్కటి పాలు దూడ నోటి నుంచి లాగి, బెల్లం, మిరియాలు వేసి జున్ను వండి వీధి వీధంతా పంచుతాం. బిడ్డకు పనికిరావనుకున్నవి మనకెలా పనికొచ్చాయో మా మామ్మను ఒకసారి అడిగాను. దెబ్బలు పడ్డాయి.

నాకూ జున్ను ఇష్టమే. ఊరు వెళితే ఇప్పటికీ మా వాళ్ళు గిన్నెతో పంపుతారు. మొదటి పూటవా అని అడుగుతాను. ‘కాదు బాబూ, మూడో పూటవి, దూడ తాగాకే’ అంటే తింటాను. కొంచెం పల్చగా ఉంటుంది, అంత గట్టిగా గడ్డకట్టదు. మిరియాలు ఇంకొంచెం ఎక్కువ వేయమంటాను.